సముద్రం ఫొటోల్లో చూపును నడిపించడానికి లైట్‌రూమ్ మాస్కింగ్ ఎంత పనికొస్తుంది?

అలలు, రాళ్లు, ఆకాశం కలిసిన ఫొటోలో చూసేవాళ్ల కన్ను ఎక్కడ మొదలవ్వాలి, ఎటు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి? ఈ మూడూ మన చేతిలో ఉండాలంటే, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటోలోని ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకుని (మాస్క్ చేసి) మార్చే మాస్కింగ్ ప్యానెల్ ఎంతవరకు సాయపడుతుందో చెప్పడానికే ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తాను. వెలుగును దిద్దే పనిలో ఇది చాలా గొప్ప పనిముట్టు. ఫోకస్ విషయంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ నిర్ణయం తీరంలో, ట్రైపాడ్ వెనక ఉన్నప్పుడే జరిగిపోవాలి. వెలుగు పక్కాగా దిద్దినా ఫోకస్ తప్పితే ఫొటో నిలబడదు కాబట్టి ఈ తేడా తెలుసుకునే దీన్ని వాడాలి.

మాస్కింగ్ ప్యానెల్ ఇప్పుడున్న రూపంలో 2021 అక్టోబరులో వచ్చింది. అంతకుముందు గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్, రేడియల్ ఫిల్టర్, బ్రష్ విడివిడిగా ఉండేవి. వాటిని ఒకదాన్లోంచి ఒకటి తీసేయడం, రెండూ కలిసే చోట మాత్రమే పని చేయించడం ఇంత సులువుగా ఉండేది కాదు. సముద్రం ఫొటోలు తీసేవాళ్లకు ఈ ప్యానెల్లో అసలు విలువైనది ఆ కూడిక, తీసివేత, ఇంటర్‌సెక్టే. ఆకాశాన్ని తనంతట తానే గుర్తుపట్టే తెలివి దాని తర్వాతి మాట.

కన్ను ముందు ఎక్కడికి పోతుంది?

ఏ స్లైడర్ ముట్టుకోకముందే ఇది తేల్చుకోవాలి. ఫొటోలో కన్ను మొదట వెలుగు ఎక్కువున్న చోటికి పోతుంది. నలుపు, తెలుపు పక్కపక్కన గట్టిగా తగిలే అంచు ఉంటే అక్కడికీ పోతుంది. చుట్టూ మెత్తగా ఉండి ఒక్కచోటే పదునుగా ఉంటే అక్కడ ఆగుతుంది. నీలం మధ్యలో వెచ్చటి రంగు కనిపిస్తే అటు మళ్లుతుంది. సముద్రంతో చిక్కేమిటంటే వీటిలో మొదటి రెండూ ఎప్పుడూ నురుగు దగ్గరే ఉంటాయి. నల్లటి తడి రాయి, దాని పక్కనే తెల్లటి నురుగు. ఫొటోలో ఇంతకంటే బలమైన కాంట్రాస్ట్ ఇంకెక్కడా దొరకదు. అది కింది మూలలో ఉంటే చూసేవాళ్ల చూపు లోపలికి రాకుండా ఆ మూల నుంచే బయటికి జారిపోతుంది.

ఎడమవైపు పైమూలలో ఉన్న నావిగేటర్‌లో ఫొటో చిన్నగా కనిపిస్తుంది. దాన్ని కళ్లు సగం మూసి చూడండి. అంత చిన్న సైజులో వివరాలు పోయి వెలుగు ముద్దలు మాత్రమే మిగులుతాయి. ఆ ముద్దల్లో పెద్దది మీరు చూపించాలనుకున్న విషయం మీద ఉందా, లేదా? వి కీ నొక్కితే ఫొటో నలుపు తెలుపులోకి మారుతుంది, మళ్లీ నొక్కితే రంగు తిరిగొస్తుంది. సూర్యోదయం రంగులు కంటిని బాగా మోసం చేస్తాయి. వాటిని తీసేసి చూస్తే నారింజ రంగు ఆకాశం కంటే పక్కనున్న బూడిద రంగు నురుగే ఎక్కువ వెలుగుతోందని చాలాసార్లు బయటపడుతుంది.

ఇక్కడి నుంచి ఒక ఉదాహరణ ఫొటో పట్టుకుని నడుద్దాం. ముందు భాగంలో తడి రాళ్లు. వాటి మధ్య నుంచి వెనక్కి పోతున్న అల వదిలిన నురుగు చారలు, కింది కుడి మూల నుంచి మెలికలు తిరుగుతూ మధ్యకు వెళ్తున్నాయి. దూరంగా నీళ్లలో నిలబడ్డ ఒంటరి కొండరాయి. దాని వెనక హొరైజన్ దగ్గర లేత వెలుగు. కన్ను నురుగు చార పట్టుకుని కొండరాయి దాకా వెళ్లి ఆగాలి. మనకు కావలసింది అంతే.

ఆకాశం: సెలెక్ట్ స్కై ఎక్కడ తప్పుతుంది

సెలెక్ట్ స్కై నొక్కగానే కొద్ది క్షణాల్లో ఆకాశం ఎంపికవుతుంది. కీబోర్డులో ఇంగ్లిష్ O కీ నొక్కితే ఎర్రటి పూత కనిపిస్తుంది కాబట్టి ఎక్కడిదాకా పట్టిందో తెలుస్తుంది. హొరైజన్ స్పష్టంగా ఉండి మధ్యలో కొండరాయి నల్లగా నిలబడి ఉంటే ఫలితం చాలా బాగుంటుంది. పాత గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ అయితే ఆకాశంతో పాటు కొండరాయి తలను కూడా నల్లగా చేసేది. ఆ ఇబ్బంది ఇక్కడ పోయింది.

తప్పేది మూడు చోట్ల. పొగమంచులో నీళ్లు, ఆకాశం కలిసిపోయినప్పుడు దీనికి హద్దు దొరకదు. తడి ఇసుక అద్దంలా ఆకాశాన్ని చూపిస్తున్నప్పుడు ఆ ప్రతిబింబాన్ని కూడా కొన్నిసార్లు ఆకాశం కిందే లెక్కేస్తుంది. మూడోది, అన్నింటికంటే తరచుగా కనిపించేది, హొరైజన్ వెంట గీత. మాస్క్ అంచు ఒక్క పిక్సెల్ దగ్గర తెగదు, కొన్ని పిక్సెళ్ల మేర మెత్తగా పలచబడుతుంది. వెలుగును పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ స్లైడర్ −0.3 దగ్గర అది కంటికి ఆనదు. −1.0 దాకా లాగితే ఆకాశం నల్లబడి, సరిగ్గా అంచు దగ్గర మాత్రం పాత వెలుగు సన్నటి తెల్ల దారంలా మిగిలిపోతుంది. కొండరాయి చుట్టూ కూడా అదే తెల్లటి వలయం. చూపంతా ఆ దారం మీదే నిలబడుతుంది.

దీనికి మందు మాస్క్‌లోనే ఉంది. స్కై మాస్క్ చేశాక దాని పక్కనున్న మూడు చుక్కల మెనూలో ఇంటర్‌సెక్ట్ ఎంచుకుని లీనియర్ గ్రేడియెంట్ (ఒక వైపు నుంచి క్రమంగా పలచబడే మాస్క్) జోడించండి. గ్రేడియెంట్ ఫ్రేమ్ పైఅంచు దగ్గర పూర్తి బలంతో మొదలై, హొరైజన్‌కు కాస్త పైనే సున్నా అయ్యేలా లాగండి. ఇప్పుడు ఆకాశం పైభాగం నల్లబడుతుంది, కొండరాయి ముట్టుకోకుండా మిగులుతుంది, హొరైజన్ దగ్గర మార్పే లేదు కాబట్టి గీత పడే అవకాశమే ఉండదు. పైగా హొరైజన్ దగ్గర వెలుగు అలాగే ఉండటం మన ఉదాహరణకు కావలసిందే, ఎందుకంటే కొండరాయి దాని ముందే నిలబడి ఉంది. నేనైతే ఎక్స్‌పోజర్ −0.5 నుంచి −0.7 మధ్య ఆపుతాను.

సూర్యుడు సరిగ్గా హొరైజన్ మీద ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎక్కువ వెలుగు కిందనే ఉంటుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ జోలికి పోకుండా స్కై మాస్క్‌లో హైలైట్స్ −40 దాకా తగ్గిస్తే చాలు, పైభాగం పెద్దగా కదలదు. హైలైట్స్ తగ్గించినా సూర్యుడి చుట్టూ బూడిద రంగు మరక వస్తోందంటే అక్కడ కెమెరా దిద్దకుండా దాచే రా ఫైల్లోనే సమాచారం లేదు, తీసేటప్పుడే తెల్లగా కాలిపోయింది. ఏ మాస్కూ దాన్ని తిరిగి తేలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నీళ్లు తమ మీద పడిన వెలుగంతా తిరిగి పంపవు. నిట్టనిలువుగా చూస్తే రెండు శాతం మాత్రమే వెనక్కి వస్తుంది. చూపు నీటికి సమాంతరంగా వాలేకొద్దీ అది బాగా పెరుగుతుంది గానీ, పైనున్న ఆకాశాన్ని మాత్రం ఎప్పుడూ మించదు. అందుకే ప్రతిబింబం అసలు ఆకాశం కంటే తక్కువ వెలుగులోనే ఉండాలి. ఆకాశాన్ని మరీ నల్లగా చేసి నీళ్లను అలాగే వదిలేస్తే, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఫొటో అబద్ధంలా అనిపిస్తుంది. లెన్స్ ముందు పెట్టే, పైసగం ముదురుగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్‌ను అవసరానికి మించి ముదురుది వాడినా ఇదే జరుగుతుంది.

నురుగు: ఈ ప్యానెల్ అసలు సత్తా ఇక్కడే

లూమినెన్స్ రేంజ్ మాస్క్ కోసమే లైట్‌రూమ్ కొనవచ్చు అనేంత నమ్మకం నాకు ఉంది. బ్రష్‌తో నురుగు చారల్ని ఒక్కొక్కటిగా పూయడం అయ్యే పని కాదు. ఆటో మాస్క్ పెట్టి పూస్తే అంచుల్లో చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. లూమినెన్స్ రేంజ్ మాత్రం ఎంత వెలుగున్న పిక్సెళ్లు కావాలో అడిగి వాటినే పట్టుకుంటుంది. నురుగు మధ్యరకం వెలుగున్న చోట డ్రాపర్‌తో చిన్న చతురస్రం లాగండి. షో లూమినెన్స్ మ్యాప్ ఆన్ చేసి, రేంజ్ స్లైడర్ ఎడమ చివర ఉన్న మెత్తదనపు పిడిని బాగా వెడల్పు చేయండి. ఇది ఇరుగ్గా ఉంటే నురుగు అంచులు కత్తిరించి అతికించినట్టు కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే తప్పు చేసి, మాస్కింగ్ వల్ల ఫొటో కృత్రిమంగా మారిందంటారు.

ఈ మాస్క్ ఆకాశంలోని వెలుగును, రాళ్ల మీది తడి మెరుపులను కూడా పట్టేస్తుంది. సబ్‌ట్రాక్ట్ నొక్కి ఆకాశాన్ని తీసేయండి. రాళ్ల మెరుపులను తీసేయడానికి బ్రష్ వాడాలి. ఫెదర్ (అంచు మెత్తదనం) 80, ఫ్లో (ఒక్కో పూత బలం) 30 పెట్టి రెండు మూడు సార్లు పూస్తే సరిపోతుంది.

ఇప్పుడు ముఖ్యమైన అడుగు. ఈ నురుగు మాస్క్‌ను అలాగే పట్టుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తే మూలలో ఉన్న నురుగు కూడా పెరుగుతుంది, చూపు మళ్లీ అక్కడే చిక్కుకుంటుంది. నురుగు దారిలా పని చేయాలంటే దాని వెలుగు దగ్గర తక్కువగా మొదలై దూరం వెళ్లేకొద్దీ పెరగాలి. అందుకని నురుగు మాస్క్‌ను డూప్లికేట్ చేసి రెండుగా వాడండి. మొదటిదాన్ని ఫ్రేమ్ కింది అంచు నుంచి పైకి లాగిన లీనియర్ గ్రేడియెంట్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి ఎక్స్‌పోజర్ −0.3, హైలైట్స్ −20 ఇవ్వండి. రెండోదాన్ని కొండరాయి వైపు నుంచి కిందికి దిగే గ్రేడియెంట్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి ఎక్స్‌పోజర్ +0.25, వైట్స్ +10, టెక్స్చర్ +15 ఇవ్వండి. రెండు గ్రేడియెంట్లూ మధ్యలో ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కాలి, లేకపోతే మధ్యలో ఖాళీ పట్టీ కనిపిస్తుంది. ఇంతకుమించి అక్కర్లేదు. ఈ రెండు మాస్కులు ఉన్నప్పుడు, లేనప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే ఏం మారిందో వేలు పెట్టి చూపలేం, కానీ కన్ను మాత్రం మూల వదిలి లోపలికి నడుస్తుంది.

నురుగుకు క్లారిటీ పెంచకండి. క్లారిటీ మధ్యరకం వెలుగులో పెద్ద అంచుల దగ్గర కాంట్రాస్ట్ పెంచుతుంది కాబట్టి తెల్లటి నురుగు చుట్టూ మురికి పట్టినట్టు బూడిద రంగు అంచు వస్తుంది. టెక్స్చర్ చిన్న వివరాల మీద పని చేస్తుంది. బుడగలు, సన్నటి చారలు తేలడానికి అదే సరైనది.

ఫొటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్ (హిస్టోగ్రామ్) కింద మౌస్ ఉన్న చోటి ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు శాతాల్లో కనిపిస్తాయి. ఎండ తగిలిన నురుగు 85 నుంచి 92 మధ్య, నీడలో ఉన్న నురుగు 55 నుంచి 65 మధ్య ఉంచితే తెలుపులో కూడా ఆకారం నిలుస్తుంది. మూడు విలువలూ 98 దాటాయంటే అక్కడ మిగిలేది ఉత్త కాగితం తెలుపు. జే కీ నొక్కితే అలాంటి చోట్లు ఎర్రగా చూపిస్తుంది. సూర్యోదయం వెలుగులో ఎరుపు ఛానెల్ ముందుగా నిండిపోతుంది, కాబట్టి కెమెరాలో కూడా మూడు ఛానెళ్లు విడివిడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకోవడం మంచిది.

కొండరాయి, అంచులు

కొండరాయి మీద రేడియల్ గ్రేడియెంట్ వేయండి, ఫెదర్ 90 లేదా 100. రాయి కంటే రెండింతలు పెద్దగా, దాని వెనకున్న వెలుగును కూడా కలుపుకునేలా ఉండాలి. ఎక్స్‌పోజర్ +0.3, టెంప్ కొద్దిగా వెచ్చగా. రాయిని మాత్రమే ఎంచుకుని వెలిగిస్తే అది అతికించిన బొమ్మలా తేలిపోతుంది. రాయి వెనక తేమ వల్ల వచ్చే పలచటి తెర ఉంటే దాన్ని చెరపొద్దు. మంచు తెరను తగ్గించే డీహేజ్ స్లైడర్ పెంచగానే దూరం దగ్గరకు వచ్చేస్తుంది, లోతు పోతుంది. నిజానికి ఆ తెర మీద డీహేజ్ −8 ఇస్తే రాయి ఆకారం ఇంకా బాగా విడిపడుతుంది. డీహేజ్ పెంచడం వల్ల ఆకాశంలో సెన్సర్ దుమ్ము మచ్చలు కూడా పైకి తేలతాయి, లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఎఫ్/16 దగ్గర తీసిన ఫొటోల్లో మరీ ఎక్కువగా.

అంచుల్ని నల్లబరచడానికి ఎఫెక్ట్స్ ప్యానెల్లోని విన్యెట్ వాడటం నాకు నచ్చదు. అది నాలుగు మూలలనూ ఒకే తీరుగా కోడిగుడ్డు ఆకారంలో ముంచేస్తుంది. మన ఫొటోలో నురుగు దారి కింది కుడి మూల నుంచే లోపలికి వస్తోంది, దాన్ని మూసేస్తే దారే ఉండదు. దానికి బదులు ఎడమ అంచు నుంచి ఒకటి, కింది అంచు నుంచి ఒకటి లీనియర్ గ్రేడియెంట్ వేసి, ఎక్స్‌పోజర్ −0.35 ఇచ్చి, నురుగు ప్రవేశించే చోట బ్రష్‌తో తీసేయండి. టెక్స్చర్ −15 కూడా జోడిస్తే అంచుల్లోని రాళ్లు చూపును లాగడం తగ్గిస్తాయి.

ఈ పనులన్నింటిలో నల్లబరిచే మాస్కులు ముందు చేయండి, వెలిగించేవి తర్వాత. ఈ వరుస మన కంటి కోసమే. చుట్టూ తగ్గించాక చూస్తే వెలిగించాల్సిన అవసరం అనుకున్న దాంట్లో సగమే ఉంటుంది. ముందే వెలిగించడం మొదలుపెడితే ఒకదాన్ని మించి ఇంకొకటి పెంచుకుంటూ పోయి, చివరికి ఫొటో అంతా వెలుగే అయి ఎక్కడ చూడాలో తెలియకుండా పోతుంది. ప్రతి మాస్క్‌కూ ఒక అమౌంట్ స్లైడర్ ఉంటుంది. పని ముగిశాక ఒక్కో మాస్క్‌ను 100 నుంచి 70కి తగ్గించి చూడండి. ఎక్కువసార్లు 70 దగ్గరే బాగుంటుంది.

ఫోకస్: ప్యానెల్ చేయలేనిది

2023 అక్టోబరులో లెన్స్ బ్లర్ వచ్చింది. ఫొటోను చూసి ఏది దగ్గర, ఏది దూరం అని అంచనా వేసి ఒక డెప్త్ మ్యాప్ తయారు చేసి, దాని ప్రకారం మసక పుట్టిస్తుంది. మనిషి ముఖం వెనకున్న గోడను మసకచేయడానికి ఇది బాగానే పని చేస్తుంది. సముద్రం ముందు మాత్రం తేలిపోతుంది. నీటి ఉపరితలం కాళ్ల దగ్గర నుంచి హొరైజన్ దాకా ఎక్కడా తెగకుండా పరుచుకున్న ఒకే ఒక్క తలం. విజువలైజ్ డెప్త్ నొక్కి చూస్తే ఆ తలం మ్యాప్‌లో మెట్లు మెట్లుగా, నురుగు దగ్గర ముద్దలుగా కనిపిస్తుంది. మసక కూడా అలాగే మెట్లుగా పడి నీళ్లలో అడ్డంగా ఒక పట్టీ కనిపిస్తుంది. గాలిలో లేచిన తుంపరలకు సరైన దూరం దానికి తెలియదు. కొన్ని చుక్కలు పదునుగా, వాటి పక్కవి మసకగా మిగులుతాయి. రిఫైన్ బ్రష్‌తో దిద్దుకోవచ్చు గానీ అన్ని తుంపరలకు ఎవరు దిద్దుతారు? ఇంకో కారణం కూడా ఉంది. 16 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఎఫ్/11 దగ్గర తీసిన దృశ్యంలో వెనక భాగం మసకగా ఉండటం ఎవరూ చూసి ఉండరు. అలా చేస్తే సముద్రం బొమ్మ తొట్టిలా కనిపిస్తుంది. టెలిఫొటోతో తీసినప్పుడు అప్పటికే కొంత మసకగా ఉన్న ముందుభాగపు గడ్డిని ఇంకాస్త మెత్తబరచడానికి తప్ప దీన్ని సముద్రం ఫొటోల్లో వాడొద్దనే నా సలహా.

డెప్త్ రేంజ్ మాస్క్ చూసి ఆశపడేవాళ్లకు ఒక మాట. ఫైల్లోనే డెప్త్ సమాచారం ఉన్న ఫొటోలకే అది పని చేస్తుంది. అలాంటివి కొన్ని ఫోన్లే రాస్తాయి. మామూలు కెమెరా రా ఫైల్ తెరిస్తే ఆ ఎంపిక వెలగదు.

కాబట్టి తీసేటప్పుడే చేయాల్సింది చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 16 మిల్లీమీటర్లు, ఎఫ్/11 అయితే హైపర్‌ఫోకల్ దూరం (అక్కడ ఫోకస్ పెడితే దాని సగం దూరం నుంచి అనంతం దాకా పదునుగా వస్తుంది) సుమారు 78 సెంటీమీటర్లు. 24 మిల్లీమీటర్లకు అది 1.75 మీటర్లు. సెన్సర్ మీద 0.03 మిల్లీమీటర్ల మసక చుక్కను పదునుగానే లెక్కేసే పాత ప్రమాణంతో వచ్చిన అంకెలివి. అంతే దూరంలో ఫోకస్ పెడితే అనంతం, అంటే ఎంతో దూరాన ఉన్నది, పదునుకు అంచున వేలాడుతుంది, దూరపు కొండరాయి పదును అనిపించీ అనిపించనట్టు వస్తుంది. మన ఫొటోలో చూపు ఆగాల్సింది ఆ రాయి దగ్గరే. అందుకని ఫోకస్‌ను రెండింతల దూరానికి, అంటే 16 మిల్లీమీటర్ల దగ్గర ఒకటిన్నర మీటరుకు జరపండి. దూరపు మసక సగానికి తగ్గుతుంది. నష్టం ఎంతో చూడండి: ఇంతకుముందు 39 సెంటీమీటర్ల నుంచి పదునుగా ఉండేది ఇప్పుడు 52 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది. ఆ 13 సెంటీమీటర్లలో ఉన్న రాయిని ఫ్రేమ్ నుంచి తప్పిస్తే పని అయిపోతుంది. ఎఫ్/16 దాటి మూసుకుంటూ పోతే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది, కాబట్టి అదీ పరిష్కారం కాదు.

వేర్వేరు దూరాల్లో ఫోకస్ పెట్టి తీసిన ఫొటోలను కలిపే ఫోకస్ స్టాకింగ్ రాళ్లకు సరిపోతుంది, అలలకు కాదు. రెండు ఫ్రేముల మధ్య నీళ్లు కదిలిపోతాయి. తప్పనిసరైతే నీళ్లన్నీ ఒకే ఫ్రేమ్ నుంచి తీసుకుని, దగ్గరి రాళ్లను మాత్రమే రెండో ఫ్రేమ్ నుంచి ఫొటోషాప్‌లో అతికించుకోవాలి. ఆ పని లైట్‌రూమ్ మాస్క్‌లతో జరగదు.

షట్టర్ వేగం కూడా ఒక రకమైన ఫోకసే అని గుర్తుంచుకోవాలి. నీళ్లు మెత్తబడి రాయి కదలకుండా ఉంటే కన్ను రాయి దగ్గర ఆగుతుంది. వెనక్కి పోయే అలకు పావు సెకను నుంచి ఒక సెకను ఇస్తే నురుగు చారలుగా మిగులుతుంది, ఆ చారలే మనకు దారి. 30 సెకన్లు ఇస్తే చారలు కలిసిపోయి లేత దుప్పటిలా పరుచుకుంటాయి. ప్రశాంతంగా ఉంటుంది కానీ, అందులో దారి ఉండదు. పైన చెప్పిన నురుగు మాస్క్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఎక్స్‌పోజర్ మధ్యలో అల వచ్చి ట్రైపాడ్ కాళ్ల కింద ఇసుకను తోడేస్తే అంగుళం కుంగినా రాళ్లన్నీ మసకే. కాళ్లను ఇసుకలోకి గట్టిగా తొక్కి, ఒక అల వచ్చి వెళ్లాక షట్టర్ నొక్కండి. ప్రతి కొన్ని ఫొటోలకు లెన్స్ తుడవడం మరవొద్దు. ఉప్పు తుంపర పొర కనబడకుండానే కాంట్రాస్ట్ తినేస్తుంది, వెలుగు దగ్గర పాలపొగలా వ్యాపిస్తుంది.

పదును విషయంలో ప్యానెల్ చేయగలిగింది ఉన్నదాన్ని కాస్త పెంచడం, లేదా తగ్గించడం. డీటెయిల్ ప్యానెల్లోని షార్పెనింగ్‌లో ఉన్న మాస్కింగ్ స్లైడర్‌ను ఆల్ట్ కీ పట్టుకుని జరిపితే అంచులు మాత్రమే తెల్లగా కనిపిస్తాయి. 60 నుంచి 80 మధ్య పెట్టండి, నునుపైన నీళ్లలో గరుకుదనం రాదు. కొండరాయి మీద టెక్స్చర్ +20, షార్ప్‌నెస్ +15. చివరి అంచుల్లో షార్ప్‌నెస్ −30. ఈ స్లైడర్ −50 దాకా పదును తగ్గిస్తుంది, ఆ తర్వాత మసకబరచడం మొదలుపెడుతుంది. అందుకే −50 దాటొద్దు.

ఒక ఫొటో మాస్కులు ఇంకోదానికి

ఒకే చోట నుంచి తీసిన ఫొటోలన్నింటికీ సెట్టింగులు కాపీ చేస్తే ఆకాశం మాస్క్ ప్రతి ఫొటోకూ కొత్తగా లెక్కకడుతుంది. లూమినెన్స్ రేంజ్ కూడా బాగానే సర్దుకుంటుంది. బ్రష్ పూతలు మాత్రం పాత చోటే ఉండిపోతాయి. అల ఆకారం మారింది కాబట్టి ఆ పూత ఇప్పుడు ఏ రాయి మీదో పడి ఉంటుంది. అందుకే నురుగు దగ్గర బ్రష్‌ను వీలైనంత తక్కువ వాడి, రేంజ్, గ్రేడియెంట్ల ఇంటర్‌సెక్ట్‌తోనే పని జరుపుకోమంటాను.

ఏఐ మాస్కులు నాలుగైదు చేరాక పాత కంప్యూటర్లలో స్లైడర్లు నత్తనడక నడుస్తాయి. గ్రాఫిక్స్ కార్డు బలహీనంగా ఉంటే ఇది నిజమైన ఇబ్బంది. ఇంకో లోపం, ఇది చందా కడితేనే దొరుకుతుంది. ఒకసారి కొనుక్కుని వాడుకునే చివరి వెర్షన్ 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6, అందులో ఈ ప్యానెల్ లేదు. చందా ఇష్టం లేనివాళ్లకు ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ ఉంది. దాని పారామెట్రిక్ మాస్క్‌లు వెలుగును బట్టి ఎంచుకోవడంలో లైట్‌రూమ్‌కు ఏమాత్రం తీసిపోవు, నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువ ఓపిక కావాలి. క్యాప్చర్ వన్ లేయర్లలో లూమా రేంజ్ ఉంది, అప్పటికే అది వాడుతున్నవాళ్లు దీనికోసం మారాల్సిన పనిలేదు. జేపెగ్‌లో మాత్రమే తీసేవాళ్లకు ఈ పద్ధతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ సగమే పని చేస్తుంది. 8 బిట్ల ఆకాశాన్ని గ్రేడియెంట్‌తో అర స్టాపు (ఎక్స్‌పోజర్ −0.5) మించి తగ్గిస్తే రంగు మెట్లు మెట్లుగా విడిపోతుంది.

ప్రింట్ కోసం పంపేటప్పుడు 16 బిట్ టిఫ్ ఎక్స్‌పోర్ట్ చేయండి. కాగితం మీద నలుపు స్క్రీన్ మీద కనిపించినంత లోతుగా రాదు, నల్లబరిచిన అంచుల్లో రాళ్లు ఒకే ముద్దగా మారిపోవచ్చు. అంచుల మాస్క్ అమౌంట్‌ను 60 దాకా తగ్గించి, కొండరాయి మాస్క్‌ను అలాగే ఉంచి, ముందు చిన్న సైజులో ఒక ప్రింట్ తీయించుకుని చూడండి.